ఫోన్ల డప్పు సరే, బడిల డప్పేది?



కంప్యూటర్ ఆటలతోని పిల్లలకు సంగీతం నేర్పొచ్చని ఇప్పుడు దేశదేశాల చెప్తున్నరు. కండ్లకు డబ్బా కట్టుకుంటే చుట్టూ బొమ్మలు, చుట్టూ సప్పుడు, కచేరి నడిమధ్యల మనమే నిలబడ్డట్టు ఉంటదట. మంచిదే. పిల్లలు ఆడుకుంట నేర్చుకుంటే మాకేం కడుపుమంట లేదు. మేము అడిగేది వేరే. ఆ ఆటలల్ల ఎవరి సంగీతం పెడుతరు? నేర్పే పంతులు ఎవరైతడు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాడల పిల్లలు ఆ ఆట ఆడినంక వాళ్ల చేతికి ఏమొస్తది?

మన దగ్గర ఫోను లేని ఇల్లు ఇప్పుడు అరుదు. కోరుట్ల, జగిత్యాల దిక్కు అయ్య దుబాయిలనో మస్కట్లనో కూలి చేసి పంపిన పైసలతోని, అమ్మ బీడీలు చుట్టిన పైసలతోని కొన్న ఫోను. సిరిసిల్లల సాంచాల కాడ పొద్దుమాపు నిలబడి కొన్న ఫోను. దాంట్ల పిల్లలు ఆటలాడుతున్నరని పెద్దలు తిడుతరు. పబ్జీని సర్కారు 2020 సెప్టెంబర్ల బందు పెట్టింది. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిల బందు పెట్టింది. ఆటలు ఆగినయా? పేర్లు మార్చుకొని మళ్ల వచ్చినయి. కాబట్టి ఆటలు వద్దు అనే మాటతోని లాభం లేదు. ఏ ఆట, ఎవరి ఆట అని అడగాలె.

ఆ ఆటలల్ల పాటల ఆటలు ఒక తెగ. తెర మీద గుండ్రటి బిళ్లలు ఒకదాని ఎనుక ఒకటి ఉరికొస్తయి. గీత కాడికి వచ్చిన గడియలనే కొట్టాలె. తొందరపడితే తప్పు, ఆలస్యమైతే తప్పు. అమెరికాల 2005ల గిటార్ హీరో అనే ఆట వచ్చింది. తీగలు లేని ప్లాస్టిక్ గిటారు పట్టుకొని లక్షల మంది ఆడిన్రు. 2018ల బీట్ సేబర్ వచ్చింది. కండ్లకు డబ్బా కట్టుకొని, రెండు చేతులల్ల రెండు కత్తులు పట్టుకున్నట్టు ఊహించుకొని, పాట దెబ్బకు తగ్గట్టు ఎదురొచ్చే దిమ్మెలను నరుకుతరు. ఇదే సంగీతం చదువు అంటే మేము ఒప్పుకోం. కాని దెబ్బకు దెబ్బకు నడుమ ఎంత జాగ ఉండాలెనో చెవికి, చేతికి తెలిసొస్తది. తప్పు కొట్టినా నలుగురు నవ్వరు. నూరు సార్లు కొట్టినా ఫోను విసుక్కోదు. అంతవరకు నిజం.

సప్పుడును డబ్బాల పెట్టే పని మనకు కొత్త కాదు. రోలాండ్ అనే జపాన్ కంపెనీ 1985ల ఆక్టోప్యాడ్ తెచ్చింది. రబ్బరు పలకల మీద కర్రతోని కొడితే ఏ వాద్యం సప్పుడు కావాల్నంటే ఆ సప్పుడు వస్తది. ఇయ్యాల మన బరాతులల్ల ప్యాడ్ బ్యాండు, డీజే. స్పీకర్ల డప్పు మోగుతది, డప్పు కొట్టేటాయన ఇంటికాడ కూసుంటడు. కొట్టుడు తప్పింది, మంచిదే అని కొందరు. కూలి పాయె అని కొందరు. రెండూ నిజమే.

అదే జపాన్ల ఇంకో సంగతి ఉన్నది. మన సంఘాలల్ల దీన్ని చదివి వినిపించాలె.

వాళ్ల డోలును తైకో అంటరు. తైకో నో తత్సుజిన్ అనే ఆటను నామ్‌కో కంపెనీ 2001ల బజార్లల్ల పెట్టింది. డోలు కొట్టుట్ల ఆరితేరినోడు అని దాని అర్థం. బొమ్మ డోలు ముంగట నిలబడి రెండు కర్రలతోని కొట్టాలె. ఎర్ర బిళ్ల వస్తే డోలు మొఖం మీద, 'డోన్' అంటది. నీలం బిళ్ల వస్తే అంచు మీద, 'కత్' అంటది. డోలుకే కండ్లు, నోరు పెట్టి నవ్వే బొమ్మను చేసిన్రు. తర్వాత ఇండ్లల్ల టీవీల మీదికి, ఫోన్ల మీదికి వచ్చింది. ఇరవై ఏండ్లు దాటింది, పిల్లలు ఆడుతనే ఉన్నరు. మన డప్పు తెలిసినోళ్లకు ఈ ఆట చూస్తే పానం లేచొస్తది. రెండు కర్రలు, రెండు తీర్ల దెబ్బలు, మనదాని లెక్కనే!

మరి ఆ నిజమైన డోలుకు తోలు ఎవరు కట్టిన్రు?

చచ్చిన పశువు తోలు తీసుడు, తోలు పదును పెట్టుడు, డోలు కట్టుడు. ఈ పనులు చేసినోళ్లను జపాన్ల వందల ఏండ్లు మైల మనుషులని ఊరవతల పెట్టిన్రు. వాళ్లను బురాకు జనం అంటరు. మన లెక్క నల్లగ, ఎర్రగ కాదు, భాష వేరే కాదు, దేవుడు వేరే కాదు. పని ఒక్కటే, పుట్టిన వాడ ఒక్కటే గుర్తు. 1871ల సర్కారు హుకుంతోని పేరుకు విడుదలైన్రు. పెండ్లి సంబంధాలల్ల, నౌకర్లల్ల వాడ పేరు అడుగుడు పోలేదు. 1922ల సుయిహేషా అనే సంఘం పెట్టుకొని కొట్లాడిన్రు. మన బాబాసాహెబ్ మహాడ్ చెరువు నీళ్లు ముట్టింది 1927ల. ఆ నీళ్లకు అయిదేండ్ల ముంగటనే అక్కడ వాళ్లు అంటరానితనం మీద జెండా ఎత్తిన్రు.

ఒసాకా నగరంల నానివా అనే వాడ ఉన్నది. తరతరాల నుంచి తోలు పనికి, డోళ్ల తయారీకి పేరున్న వాడ. అక్కడి యువకులు 1987ల ఒక డోలు దళం పెట్టుకున్నరు. పేరు 'ఇకారి'. ఇకారి అంటే కోపం. దేశమంతా తైకో మా సంస్కృతి అని చప్పట్లు కొడుతది, తైకో చేసినోని పిల్లనిస్తమంటే మొఖం తిప్పుకుంటది, ఇదీ వాళ్ల కోపం. డోలు కొట్టుడుతోపాటు వాడ చరిత్ర కూడ జనానికి చెప్తరు. తెరాదా అనే పరిశోధకుడు 2010ల వాళ్ల మీద సినిమా తీసిండు.

ఒక దిక్కు నవ్వే బొమ్మ డోలు. ఇంకో దిక్కు కోపం అని పేరు పెట్టుకున్న దళం. దేశం ఒకటే, వాద్యం ఒకటే. ఆటకు ఆ వాడ సంగతితోని పని లేదు. ఆడే పిల్లగానికి డోలు అంటే బొమ్మ, మార్కులు. తోలు వాసన లేదు, చరిత్ర లేదు. మన డప్పు రేపు ఆటలకెక్కుతది. హైదరాబాదుల గేముల కంపెనీల కోసమని సర్కారు 2016లనే ఇమేజ్ పాలసీ తెచ్చింది, 2017ల రాయదుర్గంల ఇమేజ్ టవరుకు పునాదిరాయి వేసింది. సినిమాలు డప్పును వాడుకున్నయి, యూట్యూబ్ వాడుకుంటున్నది, గేములు ఎందుకు వాడుకోవు? వాడుకుంటయి. అప్పుడు మన డప్పు నవ్వే బొమ్మ అయితదా, ఇకారి అయితదా? ఇది కంపెనీ తేల్చేది కాదు, మనం తేల్చేది.

మన దగ్గర డప్పు కథ తేలికది కాదు. ఊర్ల సావైతే డప్పు, జాతరైతే డప్పు, సర్కారు చాటింపైతే డప్పు. పిలిస్తే పోవాలె, పోకపోతే దండుగ. ఇచ్చేది గింజలో, కల్లో, ఎంగిలి మెతుకులో. దీన్ని కళ అనలేదు, వెట్టి అన్నరు. 1978ల ఈ జగిత్యాల, సిరిసిల్ల గడ్డ మీద కూలి రైతులు దొరల మీద లేసి, వెట్టి చెయ్యం అన్నప్పుడు, సెప్టెంబర్ల జగిత్యాలల జైత్రయాత్ర తీసినప్పుడు, ఆ మాటల డప్పు వెట్టి కూడ ఉన్నది. అదే ఏడు సర్కారు ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది.

అది పాత ముచ్చట అనేటోళ్లకు కొత్త ముచ్చట చెప్తం. 2024ల మెదక్ జిల్లా మనోహరాబాద్ మండలం గౌతోజిగూడల, చదువుకొని నౌకర్లు చేసుకుంటున్న మాదిగ అన్నదమ్ములు ఇగ డప్పు కొట్టం అన్నందుకు ఊరు కట్టుబాటు పెట్టి వెలి వేసిందని కేసైంది. హైదరాబాదుకు కూతవేటు దూరం. ఫోన్లు ఉన్నయి, ఇంటర్నెట్ ఉన్నది, వెలి కూడ ఉన్నది.

ఇదే డప్పును 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల ఎమ్మార్పీఎస్ భుజానికెత్తుకున్నది. దండోరా అనే మాట అప్పటిదాక ఊరు మన చేత కొట్టించిన చాటింపు. అప్పటి నుంచి మనం ఊరికి చేసిన చాటింపు. ముప్పై ఏండ్ల ఆ సప్పుడు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టుల వినిపించింది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల వర్గీకరణ అమలైంది. వర్గీకరణ మీద మాల, మాదిగ తమ్ముళ్ల నడుమ ఉన్న వాదం ఈ వ్యాసంల తేలేది కాదు, దానికి వేరే పేజీలు ఉన్నయి. డప్పు ఒక్కటే వెట్టి అయ్యింది, ఒక్కటే ఉద్యమం అయ్యింది అని చెప్పటానికే ఈ మాట.

అందుకే వాడల రెండు మాటలు వినిపిస్తయి. ఒక తండ్రి అంటడు: "నేను కొట్టిన, మా అయ్య కొట్టిండు, చాలు. నా కొడుకు డప్పు ముట్టద్దు. ముట్టినట్టు తెలిస్తే రేపు సావుకు వాన్నే పిలుస్తరు." ఇంకో తండ్రి అంటడు: "మన వాద్యం మనం మరిస్తే రేపు వాళ్లే వచ్చి మనకు నేర్పుతరు, ఫీజు తీసుకొని." ఈ ఇద్దరిల ఎవరు తప్పు? ఎవరూ కాదు. డప్పు వద్దు అనే హక్కు, డప్పు కావాలె అనే హక్కు రెండూ మనవే. ఊరు చెప్తే కొట్టుడు మాత్రం మనది కాదు.

ఇగో, ఈ చిక్కు కాడనే ఫోను పనికొస్తదని మేము అంటున్నం. ఊరు చూసేటట్టు డప్పు ఎత్తుకుంటే ఊరు పిలుస్తది. ఇంట్ల ఫోను మీద దరువు నేర్చుకుంటే ఏ పటేలు పిలుస్తడు? బిడ్డ ఆత్మగౌరవం మీద మచ్చ పడకుండ తాత దరువు మనుమని చెవిల పడుతది. ఇంకొకటి. డప్పు మొగోళ్ల చేతిదే అని మన వాడలనే కట్టడి పెట్టుకున్నం. ఇప్పుడు అక్కడక్కడ ఆడబిడ్డల డప్పు దళాలు లేస్తున్నయి. హాస్టల్ల చదివే చెల్లెకు ఎవరు నేర్పాలె? దళం ఆమె కాడికి వచ్చేదాక ఫోను నేర్పుతది. ఎగతాళి లేకుండ, ఎవరి అనుమతి లేకుండ.

కాని ఫోను నేర్పలేనివి ఉన్నయి. అవి దాచిపెడితే మనం కంపెనీ ఏజెంట్లమైతం.

డప్పు కొట్టుడు కర్రతోని మొదలు కాదు, మంట తోని మొదలు. గుండ్రటి చట్రానికి పచ్చితోలు లాగి బిగిస్తరు, చింతగింజల జిగురు పెడుతరు. కొట్టబోయే ముందు గడ్డి మంట మీద కాపాలె. ఎక్కువ కాగితే తోలు చిట్లుతది, తక్కువ కాగితే బొంగురు పోతది. వానకాలం ఒక తీరు, ఎండకాలం ఒక తీరు. ఆ సంగతి చెవికి, అరచేతికి తెలియాలె. కుడిచేతిల సిర్ర, ఎడమచేతిల చిటికెన పుల్ల. సిర్ర పొట్టిగ మందంగ దెబ్బ ఏస్తది. చిటికెన పుల్ల సన్నగ పొడుగ్గ, తోలు మీద ఒరుసుకుంట జవాబిస్తది. అద్దం మీద వేలు కొట్టినోనికి ఈ తేడా ఎట్ల తెలుస్తది? డప్పు బరువు భుజం మీద ఉంటది, కాలు అడుగు వెయ్యాలె, కండ్లు పక్కోని మీద ఉండాలె.

ఇంకో పెద్ద తేడా. ఆటల తాళం గోడకు కొట్టిన మేకు లెక్క, కదలదు. మన దరువు కదులుతది. పీర్ల గుండం చుట్టు తిరిగేటప్పుడు మంట పెరిగినకొద్ది దరువు పెరుగుతది. సావు ఊరేగింపుల నడక మీద నడుస్తది. పెద్దాయన కొత్త దెబ్బ అందుకుంటే తక్కినోళ్లు పట్టుకుంటరు. ఈ పద్ధతిని ఆట తప్పు అని మార్కులు కోసేస్తది. తాత తప్పా, యంత్రం తప్పా? ఆట చేసేటోడు తాత కాడ కూసోని నేర్చుకోకపోతే తాతదే తప్పైతది.

చిన్న సంగతి, నేర్చుకునే పిల్లలకు అక్కరకొస్తది: వైరు లేని ఇయర్‌ఫోన్లు పెట్టుకొని దరువు నేర్వొద్దు. బ్లూటూత్ల సప్పుడు సెకనుల పదో వంతు, ఒక్కోసారి అంతకన్న ఎక్కువే ఆలస్యమైతది. వినేది ఒకటి, కొట్టేది ఒకటి అయితది. పాత వైరు ఇయర్‌ఫోనే మేలు.

ఇగ బడి సంగతికి వద్దాం. 2016ల తెలంగాణ సర్కారు బడులల్ల డిజిటల్ పాఠాలు మొదలుపెట్టిన్రు, తర్వాత హైస్కూళ్లకు పెద్ద పెద్ద తెరలు వచ్చినయి. తెర ఉన్న బడిల డప్పు ఉన్నదా? సంగీతం సారు ఉన్నడా? హైదరాబాదుల సర్కారు సంగీత కాలేజీల పేర్లు చూడుండి. ఒకటి త్యాగరాజు పేరు మీద, ఒకటి భక్త రామదాసు పేరు మీద. వాళ్ల మీద మాకు కోపం లేదు. జాంబపురాణం చెప్పే చిందోళ్ల పేరు మీద, కిన్నెర వాయించే డక్కలోళ్ల పేరు మీద ఎందుకు లేదని కోపం. కిన్నెర మొగులయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024ల ఆయన కూలికి పోతున్నడని పేపర్లల్ల వచ్చింది. ఆయన గొంతు ఫోన్లల్ల దేశమంతా తిరుగుతనే ఉన్నది!

కచేరిల మృదంగం పవిత్రం. దానికి ఆవు, బర్రె, మేక తోళ్లు కడుతరు. కట్టేది తమిళదేశంల ఎక్కువగ దళిత క్రైస్తవులు. ఈ సంగతి మీద టి.ఎం. కృష్ణ అనే గాయకుడు, పుట్టుకతోని బ్రాహ్మడే, 2020ల పుస్తకం రాస్తే, ఆవిష్కరణకు ఇచ్చిన హాలును చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకున్నది. తోలు ముట్టొచ్చు, తోలు మాట ముట్టొద్దు. ఇదీ వాళ్ల సంగీతం చదువు. ఇదే చదువును రేపు కంప్యూటర్ ఆటల పెట్టి మన పిల్లలకు పంపుతే, పాత బడే కొత్త తెర మీద నడుస్తది.

కాబట్టి మనమే చెయ్యాలె. పైసలేవి అంటరా? కండ్లకు కట్టే డబ్బాలు వేల రూపాయలున్నయి, మనకెందుకు? గూగుల్ కంపెనీ 2014ల అట్టతోని చేసిన కండ్లపెట్టె తెచ్చింది. రెండు అద్దాలు, ఒక అట్ట, లోపల ఫోను. 2021ల అమ్ముడు ఆపేసింది, కాని చేసుకునే కొలతలు అందరికీ తెరిచే ఉన్నయి. పదో తరగతి పిల్లలు చేసుకోగలరు. తక్కువ రేటు ఫోన్లల్ల తల తిప్పితే బొమ్మ తిరగదు, ఆ పరికరం ఉండదు. అట్లయితే బొమ్మ ఇడిసిపెట్టుండి, సప్పుడు చాలు. పది మంది డప్పు పెద్దలను గుండ్రంగ నిలబెట్టి నడుమ రెండు మైకులు, మనిషి తలకు రెండు చెవులున్నట్టు, పెట్టి రికార్డు చెయ్యుండి. వైరు ఇయర్‌ఫోను పెట్టుకున్న పిల్లకు కుడిదిక్కు ఎవరు కొడుతున్నరో, ఎడమదిక్కు ఎవరు జవాబిస్తున్నరో తెలుస్తది. గుంపు నడుమ నిలబడ్డట్టే. డప్పు ఎప్పుడూ గుంపులనే నేర్చుకున్నరు కద. జగిత్యాల, కరీంనగర్లల్ల ఇంజనీరింగు చదువుతున్న మన పిల్లలు ఈ రికార్డుల మీద చిన్న ఆట కట్టలేరా? కట్టగలరు. అడిగేటోళ్లు లేరు.

రికార్డు చేసేముందు చట్టం తెలుసుకోండి. 1957 కాపీరైటు చట్టంల 38వ సెక్షన్ కింద పాడినోనికి, వాయించినోనికి ప్రదర్శకుని హక్కు ఉన్నది, యాభై ఏండ్లు. అనుమతి లేకుండ రికార్డు చెయ్యొద్దు, అమ్ముకోవద్దు. 2012 సవరణల 38-బి వచ్చింది: ఇది కొట్టింది నేను, నా పేరు చెప్పుండి అని కళాకారుడు అడగొచ్చు. దరువు మీద మాత్రం చట్టం ఎవరికీ హక్కు ఇయ్యలేదు, అది పాతకాలపుదని వదిలేసింది. ఆ సందుల నుంచే కంపెనీ దూరుతది. అందుకే కొట్టినోని పేరు, ఊరు, దరువు పేరు, తారీఖు కాయితం మీద ఉండాలె. ఎవరన్న స్టూడియోకు రమ్మని పిలిస్తే, వెయ్యి రూపాయలిచ్చి తెల్లకాయితం మీద వేలిముద్ర అడిగితే, వెయ్యొద్దు. ఎన్ని రోజులకు, ఏ పనికి, అమ్మితే వాటా ఎంత, పేరు ఎక్కడ వేస్తరు అని రాయించుకొని, చదివించుకొని, అప్పుడు సంతకం.

సర్కారు ముంగట మా అడుగుడు ఇది. మూడు పట్టణాల చుట్టు ఉన్న ప్రతి గురుకులంల, ప్రతి హైస్కూల్ల డప్పు, కిన్నెర, ఒగ్గుడోలు పాఠం పెట్టాలె. నేర్పేది డిగ్రీ ఉన్న సంగీతం సారు కాదు, వాడల పెద్దాయన. ఆయనకు పీరియడు లెక్కన జీతం ఇయ్యాలె, కుర్చీ ఇయ్యాలె. అగ్రకులాల పిల్లలు కూడ ఆయన ముంగట కూసోని నేర్చుకోవాలె, తోలు ముట్టి నేర్చుకోవాలె. నేర్వను అనే మన పిల్లగాన్ని ఎవరూ బలవంతం చెయ్యొద్దు. పాఠం మొదటి రోజు దరువు కాదు, వెట్టి చరిత్ర చెప్పాలె. ఆట, తెర, డబ్బా అన్నీ ఆ తర్వాత ఇంటికాడ సాధనకు.

ఈ పదిహేను రోజులల్ల సంఘాలు చేసే పని: మీ వాడల డప్పు తెలిసినోళ్ల పట్టీ రాయుండి. పేరు, వయసు, ఎన్ని దరువులు వచ్చు, రికార్డుకు ఒప్పుకుంటున్నరా లేదా. ఒప్పుకోనోళ్ల పేరు కూడ రాయుండి, ఎందుకు ఒప్పుకోరో వాళ్ల మాటలల్లనే రాయుండి. అరవై దాటినోళ్లను ముందు కలువుండి. ఆడబిడ్డలల్ల నేర్చుకుంటమనేటోళ్ల పట్టీ వేరుగ తయారు చెయ్యుండి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పట్టీలు మూడూ వచ్చినంక, మొదటి రికార్డు ఏ ఊర్ల పెట్టాల్నో కూసోని మాట్లాడుదాం.

జై భీం.